ఒడి నుండి పీఠం దాకా: కారులో పసివాళ్ళ సీటు చరిత్ర

మన భాషలో ‘ఒడి’ రెండక్షరాల మాట. దాని చుట్టూ అల్లుకొన్న ఆచారాలు మాత్రం పుట్టుక నుండి పెళ్ళి దాకా విస్తరించి ఉన్నాయి. ఆడపిల్లను పుట్టింటి నుండి సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తాం. చెవులు కుట్టించడానికి పిల్లవాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెడతాం. పళ్ళెంలోని బియ్యం మీద తొలి అక్షరం దిద్దేది తండ్రి ఒడిలోనే. సంస్కృతంలోకి వెళితే దానికే అంకమనీ, ఉత్సంగమనీ పేర్లు. పోతనగారి భాగవతంలో ధ్రువోపాఖ్యానం మొదలయ్యేది కూడా ఒడి తగాదాతోనే. ఉత్తానపాదుడి తొడపై ఉత్తముడు కూర్చుని ఉండగా, తానూ ఎక్కబోయిన ధ్రువుణ్ణి పినతల్లి సురుచి అడ్డగించింది. బడిలో ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ, వెనుక బల్లల వాళ్ళతో సహా పిల్లలందరూ నిశ్శబ్దమైపోయే ఘట్టం అదే. ఒడి దక్కకపోవడమంటే ఏమిటో పిల్లలకు వ్యాఖ్యానం అవసరం లేదు.

ఒడిని ఇంతగా నమ్ముకొన్న మనకు, ‘కదిలే కారులో పసిబిడ్డకు తల్లి ఒడి కంటె ప్రమాదకరమైన చోటు లేదు’ అని ఎవరైనా చెబితే వెంటనే రుచించదు. ఇది మన ఒక్కరి లక్షణమే అనుకోనక్కర లేదు. అమెరికాలో ఒక రాష్ట్రం పిల్లల భద్రత కోసం చట్టం చేస్తూనే, ఆ చట్టంలో ఒడికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును తొలగించుకోవడానికి దానికి మరి నాలుగేళ్ళు పట్టింది. ఒడికీ పీఠానికీ మధ్య జరిగిన ఆ పోటీ చరిత్రే ఈ టపాలోని విషయం.

ముందుగా పేరు సంగతి తేల్చుకొందాం. శిశు శబ్దానికి ఆసన శబ్దం చేరితే యణాదేశసంధి వచ్చి ‘శిశ్వాసనం’ అవుతుంది. వ్యాకరణం ఒప్పుకొంటుంది గాని చెవి ఒప్పుకోదు. పక్కనే యోగశాస్త్రంలోని శవాసనం పొంచి ఉంది. పసిపిల్లల దగ్గర ఆ ధ్వని వద్దు. అందుచేత ‘శిశుపీఠం’ అనుకొందాం. విదేశాల్లోని మన పిల్లలు దీన్ని ‘కారుసీటు’ అనే అంటారు. ఆ మాటనూ వెలివేయను.

కదలకుండా కూర్చోబెట్టే పీట

శిశుపీఠం పుట్టినప్పుడు దానికీ భద్రతకూ సంబంధం లేదు. 1930లలో అమెరికాలో బన్నీ బేర్ అనే సంస్థ పిల్లలకోసం కారు సీట్లు చేసి అమ్మింది. వాటి ప్రయోజనం రెండు రకాలు. పిల్లవాడు ఎత్తుగా కూర్చుని కిటికీలోంచి లోకాన్ని చూస్తాడు. వాడు బండిలో అటూ ఇటూ పాకకుండా కళ్ళెదుట ఉన్నాడు కాబట్టి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. ఆ తరువాతి కాలంలో లోహపు చట్రానికి గట్టి గుడ్డ బిగించి, దాన్ని ముందు సీటు వీపుకు కొక్కేలతో తగిలించే రకం ప్రచారంలోకి వచ్చింది. కొన్నింటికి పిల్లవాడు తిప్పుకోవడానికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. బండి హఠాత్తుగా ఆగితే ఆ కొక్కేలు ఊడివస్తాయి, పిల్లవాడు సీటుతో సహా ముందున్న అద్దం మీదికి పోతాడు. ఆనాటి కార్లలో పెద్దలకే బెల్టులు ఉండేవి కావు. పిల్లల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. నేను లెక్కల మాస్టారిని కాను, అయినా ఇది హెచ్చవేతలు, భాగహారాలు వచ్చిన వారెవరైనా వేసుకోగల లెక్క. గంటకు 48 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 13 మీటర్లకు పైచిలుకు. ఆ వేగంతో పోతున్న కారు దేన్నో ఢీకొని సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకొందాం. లోపలి వారి మీద పడే బలం సగటున వారి బరువుకు సుమారు 14 రెట్లు. ఒడిలో ఉన్నది పది కిలోల బిడ్డ అయితే, ఆ క్షణంలో ఆ బిడ్డను పట్టి ఆపడానికి తల్లి చేతులు 140 కిలోల మూటను ఆపినంత బలం చూపాలి. అదీ ముందు హెచ్చరిక లేకుండా, రెప్పపాటు కంటె తక్కువ వ్యవధిలో. మరొక విధంగా చెప్పాలంటే, అదే వేగంతో నేలను తాకాలంటే తొమ్మిది మీటర్ల ఎత్తు నుండి పడాలి. అంటే మూడంతస్తుల మేడ మీదినుండి. మూడో అంతస్తు నుండి బిడ్డతో సహా దూకి, కింద పడేటప్పుడు బిడ్డను జారవిడువకుండా పట్టుకొంటానని ఏ తల్లీ అనదు.

ఇంకొక చిక్కు ఉంది. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె శరీరం కూడా అదే వేగంతో ముందుకు పోతుంది. ఆమెకూ ముందున్న బల్లకూ మధ్య ఉండేది బిడ్డ. కాపాడవలసిన ఒడే రోకలి అవుతుంది. పోనీ తల్లీబిడ్డలను కలిపి ఒకే బెల్టుతో కడితే? అప్పుడు తల్లి బరువంతా బెల్టుకూ తనకూ మధ్య ఇరుకొన్న బిడ్డ పొట్టమీద పడుతుంది. ఇది ప్రేమకు సంబంధించిన విషయం కాదు, బరువుకూ వేగానికీ సంబంధించిన విషయం.

ఆకాశం నుండి వచ్చిన ఉపాయం

1959లో స్వీడన్ దేశపు వోల్వో కార్ల సంస్థలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు, నడుముకూ భుజానికీ కలిపి మూడు చోట్ల బిగిసే బెల్టును రూపొందించాడు. అంతకు పూర్వం ఆయన యుద్ధవిమానాల్లో చోదకుణ్ణి బయటకు విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. వోల్వో సంస్థ ఆ బెల్టును ఇతర కంపెనీలు కూడా స్వేచ్ఛగా వాడుకోనిచ్చింది. పెద్దవాళ్ళ సమస్య అలా తీరింది. ఆ బెల్టు పసివాళ్ళకు పనికిరాదు. పెద్దవాళ్ళలో బెల్టును ఆపేది తుంటి ఎముకల అంచు. చిన్నపిల్లల్లో ఆ ఎముకలు ఇంకా అంతగా ఎదగవు. బెల్టు జారి మెత్తని పొట్టమీదికి ఎక్కుతుంది, భుజం పట్టీ మెడకు అడ్డం వస్తుంది. పిల్లవాడు పెద్దవాడి పొట్టి ప్రతి కాదు. వాడి దేహనిర్మాణమే వేరు.

ఆ సంగతి గ్రహించి భద్రత కోసమే తయారైన తొలి శిశుపీఠాలు 1962లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, రెండు దేశాల్లో వెలువడ్డాయి. బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ రూపకల్పన వై ఆకారపు పట్టీతో బిడ్డను పట్టి ఉంచేది. అమెరికాలోని డెన్వర్ నగరవాసి లియొనార్డ్ రివ్కిన్ రూపకల్పన లోహపు చట్రంతో చేసినది.

అసలు మలుపు మళ్ళీ స్వీడన్‌లోనే వచ్చింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ వైద్యవిద్య చదివి, వాహన ప్రమాదాలలోని గాయాల మీద పరిశోధనకు అంకితమైనవాడు. తరువాతి కాలంలో గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అమెరికావారి జెమిని వ్యోమనౌకలో వ్యోమగాముల ఆసనాలు ఆయనకు ప్రేరణ అని చెబుతారు. నౌక పైకి లేచేటప్పుడు కలిగే ఒత్తిడి వీపంతటి మీదా సమానంగా పరచుకొనేలా వారిని వెల్లకిలా పడుకోబెడతారు. ఎదురుగా ఢీకొన్నప్పుడు కారులోని వాళ్ళు ముందుకు తూలుతారు గనుక, బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెడితే వీపూ మెడా తలా కలిసి ఒకేసారి సీటు వీపుకు ఆనుకొంటాయి కదా అని ఆయన ఊహ. 1964 నాటికే వెనుకకు ముఖం పెట్టిన నమూనా సీటుకు పరీక్షలు జరిగాయి. 1972లో వోల్వో అటువంటి సీటును బజారులోకి తెచ్చింది. కొంచెం పెద్ద పిల్లలను ఎత్తుమీద కూర్చోబెట్టి, పెద్దల బెల్టే సరిగ్గా తుంటి మీదా భుజం మీదా పడేలా చేసే బూస్టరు దిండును కూడా ఆ దశాబ్దం చివరలో ఆ సంస్థే ప్రవేశపెట్టింది.

వెనుకకు తిప్పడంలోని రహస్యం పసిబిడ్డ మెడలో ఉంది. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్ళలో అది ఏడెనిమిదో వంతు. అంత బరువైన తలను మోసే మెడ వెన్నుపూసలు ఇంకా మృదులాస్థితో కూడిన ముక్కలుగా ఉంటాయి. ముందుకు ముఖం పెట్టి కూర్చోబెడితే, పట్టీలు మొండాన్ని ఆపేస్తాయి, తల మాత్రం ఆగదు. ఆ లాగుడంతా మెడ మీదే. మన అమ్మమ్మలు పసిబిడ్డను ఎత్తుకొనేటప్పుడు ‘మెడ నిలబడలేదు, తలకింద చెయ్యి పెట్టు’ అని హెచ్చరించేది ఇందుకే. వెనుకముఖపు సీటు చేసేది అదే పని: తలకింద చెయ్యి పెట్టడం.

ఒడికి మినహాయింపు ఇచ్చిన చట్టం

అమెరికాలో 1960ల చివర పెద్ద కార్ల కంపెనీలు రంగంలోకి దిగాయి. ఫోర్డ్ సంస్థ టాట్ గార్డ్ పేరుతో, పిల్లవాడి ముందు మెత్తని కవచంలా అమరే ఆసనాన్నీ, జనరల్ మోటార్స్ లవ్ సీట్ పేరుతో మరొకదాన్నీ అమ్మాయి. 1971లో అక్కడి ప్రభుత్వం ఈ సీట్లకు తొలి ప్రమాణం విధించింది. ఆ ప్రమాణంలో ఒక లోటు ఉంది. సీటును కారు బెల్టుతో కట్టే వీలుండాలి, బిడ్డకు పట్టీలుండాలి అన్నారే గాని, ఢీకొట్టి చూసే పరీక్ష పెట్టలేదు. ఆ లోటు 1979లో సవరించగా, 1981 జనవరి 1 నుండి, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో బొమ్మపిల్లను కూర్చోబెట్టి పరీక్షించడం తప్పనిసరి అయింది.

సీట్లు వచ్చినా జనం వాడలేదు. ఇక్కడే టెనెసీ రాష్ట్రపు కథ వస్తుంది. అక్కడి మర్ఫ్రీస్‌బరో పట్టణంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆ కౌంటీ ఆరోగ్యశాఖ కూడా ఆయన నిర్వహణలోనే ఉండేది. టీకాలతో పిల్లలను మశూచి, పోలియోల నుండి కాపాడుకొంటూ వచ్చిన తరం ఆయనది. ఆ పిల్లలే కార్లలో చనిపోతుంటే, దీనికి మాత్రం టీకా ఎందుకు ఉండకూడదు అనే దృష్టితో ఆయన పట్టుబట్టాడు. మొదటి ప్రయత్నంలో బిల్లు నెగ్గలేదు. ఆయన భార్య పాట్ కూడా తోడై ఇద్దరూ శాసనసభ్యులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. 1977లో బిల్లు నెగ్గింది. 1978 జనవరి 1న, నాలుగేళ్ళ లోపు పిల్లలను శిశుపీఠంలో కూర్చోబెట్టాలన్న చట్టం అమలులోకి వచ్చింది. అమెరికాలో ఇటువంటి చట్టం అదే మొదటిది.

ఆ బిల్లు నెగ్గడానికి చెల్లించిన మూల్యం ఒక సవరణ. ‘పెద్దవారి చేతుల్లో ఉన్న పసిబిడ్డకు ఇది వర్తించదు’ అని దాని సారాంశం. తల్లి కౌగిలిని చట్టం తప్పు పట్టరాదన్న భావనతో సభ్యులు దాన్ని చేర్పించారు. వినడానికి ఎంత మృదువుగా ఉంది! శాండర్స్ పక్షంవారు మాత్రం దానికి ‘బిడ్డలను నలిపే సవరణ’ అని పేరుపెట్టారు. కఠినమైన మాటే. పైన వేసిన లెక్క చూసిన తరువాత అది అతిశయోక్తి అలంకారం కాదని, స్వభావోక్తి మాత్రమేనని మీరే ఒప్పుకొంటారు. అత్యంత బలహీనమైన ప్రాణికి అత్యంత తక్కువ రక్షణ ఇచ్చే విచిత్రమైన చట్టం అది. 1981లో ఆ సవరణను తొలగించారు. 1985 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో ఇటువంటి చట్టాలు చేశాయి. శాండర్స్ 2006లో కన్నుమూశాడు. ‘సీటుబెల్టు డాక్టరు’ అన్న పేరు ఆయనకు మిగిలింది.

చట్టంతో పాటు మరొక పని జరిగింది. 1980లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం, బిడ్డ జీవితంలోని తొలి ప్రయాణమే సురక్షితంగా ఉండాలన్న ప్రచారం మొదలుపెట్టింది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే దారి అన్నమాట. కొనలేని వారికి సీట్లు అరువిచ్చే ఏర్పాట్లు కూడా చాలాచోట్ల జరిగాయి.

ఆ ప్రచారపు ఫలితాన్ని మా ఇంటివాళ్ళం కళ్ళారా చూశాం. మా పెద్దమ్మాయి పురుటికి అమెరికా వెళ్ళినప్పుడు, ఇంటికి పంపే రోజున నర్సు వచ్చి కారుసీటు ఏదని అడిగింది. మా శ్రీమతి అప్పటికే బిడ్డను పొత్తిళ్ళలో చుట్టి సిద్ధంగా ఉంది.

“పది నిమిషాల దారే కదే, నా ఒళ్ళో పడుకోబెట్టుకొంటాను,” అన్నది.

“నీ చేతుల మీద నాకు నమ్మకం లేక కాదమ్మా. ఎదురుగా వచ్చే బండి మీద లేదు,” అన్నది అమ్మాయి.

మా శ్రీమతి మారు మాట్లాడలేదు. పొత్తిళ్ళు విప్పి బిడ్డను సీటులో పడుకోబెట్టనిచ్చింది. పట్టీలు బిగించాక, ఆ పాత పంచెగుడ్డనే మడిచి పైన కప్పింది. చూస్తున్న నర్సు మెచ్చుకొన్నది. కారణం తరువాత తెలిసింది. పొత్తిళ్ళతో చుట్టిన బిడ్డకు కాళ్ళ మధ్యనుండి వచ్చే పట్టీ వేయడం కుదరదు. గుడ్డ గాని, చలికోటు గాని పట్టీల కింద ఉంటే, ఢీకొన్నప్పుడు అది నలిగిపోయి పట్టీలు వదులవుతాయి. కాబట్టి ముందు పట్టీలు, తరువాత దుప్పటి. మనవాళ్ళ పొత్తిళ్ళ ఆచారం చెడేమీ లేదు, క్రమం మారిస్తే చాలు.

రక్షకుడే భక్షకుడైన వేళ

భస్మాసురుడి కథ మనకు తెలిసిందే. ఇచ్చిన వరం ఇచ్చినవాడి తలమీదికే వచ్చింది. 1990లలో అటువంటిదే ఒకటి జరిగింది. పెద్దలను కాపాడటానికి ముందు సీటు ఎదుట గాలిసంచులు పెట్టారు. అవి సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో ఉబ్బి బయటకు వస్తాయి. వెనుకకు ముఖం పెట్టిన శిశుపీఠాన్ని ముందు సీటులో ఉంచితే, బిడ్డ తల సరిగ్గా ఆ సంచికి అతి దగ్గరగా ఉంటుంది. బతకదగిన చిన్న ప్రమాదాల్లో సైతం పసిబిడ్డలు ఆ సంచి దెబ్బకు మరణించారు. 1990ల మధ్యలో అమెరికా ప్రభుత్వం గట్టిగా హెచ్చరికలు చేసి, కార్లలో హెచ్చరిక చీటీలు అంటించాలని ఆదేశించింది. పిల్లలు వెనుక సీటులోనే ఉండాలన్న నియమం అలా స్థిరపడింది. ఈనాడు ఎండ తెర మీద కనబడే ఆ పసుపు చీటీ వెనుక ఇన్ని చావులున్నాయి.

వెనుక సీటుకు మార్చడం వల్ల మరొక జాగ్రత్త అవసరమైంది. వెనుకముఖంగా నిద్రపోయే బిడ్డ నడిపేవాడి కంటికి కనబడడు. దిగేటప్పుడు మరచిపోయిన విషాదాలు ఉన్నాయి. మూసిన కారు ఎండలో నిమిషాల మీద కొలిమి అవుతుంది. మన వేసవి సంగతి చెప్పేదేముంది! బిడ్డ పక్కన చేతిసంచీయో ఫోనో పెట్టుకొంటే, దిగేటప్పుడు వెనుక తలుపు తీయక తప్పదు.

బిగించడమే అసలు కష్టం

సీటు మంచిదైనా కట్టడం సరిగా లేకపోతే ఫలితం లేదు. ఒక్కొక్క కారు బెల్టు ఒక్కొక్క తీరు. ఈ చిక్కు తీర్చడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1999లో ఐసోఫిక్స్ అనే పద్ధతిని ప్రకటించింది. కారు సీటు, దాని వీపు కలిసే సందులో 280 మిల్లీమీటర్ల ఎడంతో రెండు లోహపు కడియాలుంటాయి. శిశుపీఠం కొక్కేలు వాటిలో టక్కున పడతాయి. అమెరికాలో దీని వంటిదే లాచ్ పేరుతో 2002 సెప్టెంబరు నుండి కొత్త కార్లలో తప్పనిసరి అయింది. ఐరోపాలో 1981 నాటి పాత ప్రమాణం బిడ్డ బరువును బట్టి సీటును నిర్ణయించేది. 2013లో వచ్చిన కొత్త ప్రమాణం ఎత్తును కొలమానంగా తీసుకొని, పదిహేను నెలలు నిండే దాకా వెనుకముఖం తప్పనిసరి అన్నది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో రెండేళ్ళ దాకా అని చెప్పి, 2018లో ఆ వయసు హద్దును కూడా తీసివేసి, సీటు తయారీదారు చెప్పిన ఎత్తు, బరువు పరిమితులు దాటేవరకూ వెనుకముఖమే మేలన్నది.

సరిగా వాడితే ఫలితం ఎంత? అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం, కార్లలో శిశుపీఠం ఏడాది లోపు పిల్లల మరణాలను 71 శాతం, ఒకటి నుండి నాలుగేళ్ళ వారి మరణాలను 54 శాతం తగ్గిస్తుంది. అదే సంస్థ 2015లో ప్రచురించిన సర్వేలో, వాడకంలో ఉన్న సీట్లలో 46 శాతం ఏదో ఒక విధంగా తప్పుగా అమర్చి ఉన్నట్టు తేలింది. ఎనభై ఏళ్ళ చరిత్ర నడిచి వచ్చాక కూడా సగానికి సగం మంది చివరి మెట్టు మీద జారుతున్నారన్నమాట. ఆ మెట్టు ఇదీ:

బిడ్డను వీలైనంత కాలం వెనుకముఖంగా, వెనుక సీటులో ఉంచాలి. వెనుకముఖం సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గాని కాస్త కిందనుండి గాని రావాలి. ముందుకు ముఖం తిప్పిన తరువాత భుజాల ఎత్తులో గాని కాస్త పైనుండి గాని రావాలి. పట్టీ బిగించాక భుజం దగ్గర బొటనవేలు, చూపుడువేళ్ళతో గిల్లి చూస్తే మడత దొరకకూడదు. ఛాతీ క్లిప్పు ఉన్న సీటైతే అది చంకల ఎత్తులో ఉండాలి. పీఠాన్ని బెల్టు దూరే చోట పట్టుకొని ఊపితే అంగుళం కంటె ఎక్కువ కదలకూడదు. పురిటిబిడ్డ తల ముందుకు వాలి ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది గనుక, వాలు సీటు మీద చూపించిన గుర్తు ప్రకారమే ఉండాలి. ఇల్లు చేరాక నిద్రకు ఉయ్యాలో మంచమో ఉంది. అందులోకి మార్చాలి.

బూస్టరు వయసు వచ్చాక నడుము పట్టీ తొడల మీదుగా, తుంటికి ఆనుకొని ఉండాలి. భుజం పట్టీ భుజం మధ్యనుండి పోవాలి. చంక కిందనుండి వేయడం, వీపు వెనక్కి తోసెయ్యడం కూడదు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా చాలామంది పిల్లలకు పెద్దల బెల్టు ఒక్కటే సరిపోదు. ఒకసారి ప్రమాదానికి గురైన సీటునూ, చరిత్ర తెలియని పాత సీటునూ, గడువు దాటినదాన్నీ వాడరాదు. చుట్టాలింట్లో అటక మీదున్న సీటు విషయంలో మొహమాటం వద్దు.

మన దగ్గర

మన దేశంలో 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి పరీక్షించిన మొదటి ఐదు కార్ల నమూనాలకు పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 194బి సెక్షను ద్వారా, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టు గాని శిశుపీఠం గాని లేకుండా తీసుకువెళ్ళే చోదకుడికి వెయ్యి రూపాయల జరిమానా విధించింది. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో, పిల్లల భద్రతకు విడిగా నక్షత్రాలిస్తున్నారు. అందులో పద్దెనిమిది నెలల, మూడేళ్ళ వయసు బొమ్మపిల్లలను శిశుపీఠాల్లో కూర్చోబెట్టి పరీక్షిస్తారు. మన పిల్లల్లో ఎక్కువమంది ప్రయాణం ద్విచక్రవాహనం మీదే గనుక, తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ వారికి హెల్మెట్టు, నడిపేవారికి కట్టే పట్టీ, గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం అని 2022లో ప్రకటించిన నియమం 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది.

చట్టాలు ఉన్నాయి. అయితే టెనెసీ సభలో రాతలో పెట్టిన మినహాయింపును మనం మనసులో పెట్టుకొని తిరుగుతున్నాం. ముందు సీటులో తాతగారు, ఒడిలో మనవడు, మనవడి చేతులు డాష్‌బోర్డు మీద. పెళ్ళిళ్ళ సీజనులో ఏ రహదారి మీద చూసినా ఇదే దృశ్యం. లక్షలు పోసి కారు కొన్న ఇంట్లో శిశుపీఠం కొనడం మాత్రం దండగ అనిపిస్తుంది. ‘పిల్లవాడు ఏడుస్తాడండీ’ అంటారు. మొదటి వారం ఏడుస్తాడు, నిజమే. అక్షరాభ్యాసం నాడూ ఏడుస్తాడు, బడికి పంపిన తొలిరోజూ ఏడుస్తాడు. అందుకని చదువు మానిపిస్తున్నామా? పురిటి నుండి ఇంటికి వచ్చిన నాటినుండే అలవాటైన బిడ్డకు ఆ సీటే తన చోటు.

ధ్రువుడి కథలో సురుచి తోసివేసినప్పుడు ఆ పిల్లవాడు మరొక ఒడిని వెతుక్కోలేదు. తపస్సు చేసి, ఎవరూ కదిలించలేని స్థానం సంపాదించుకొన్నాడు. ‘ధ్రువ’మంటేనే స్థిరమైనదని అర్థం. కారులో పసివాడికి కావలసింది కూడా అంతే, కదలని చోటు. దానికి వాడు తపస్సు చేయనక్కర లేదు. మనం అయిదు నిమిషాలు ఓపికగా పట్టీ బిగిస్తే చాలు. దిగిన తరువాత ఒడి ఎక్కడికీ పోదు.

విదేశాల్లో, మన ఊళ్ళలో మనవలతో ప్రయాణాలు చేసే మిత్రులు తమ అనుభవాలను, ‘శిశుపీఠం’ కంటె చక్కని తెలుగు మాట ఏదైనా తోస్తే దాన్నీ, వ్యాఖ్యల్లో తెలుపగలరు.

స్వస్తి.